క్రైమ్ స్క్రీన్‌ప్లే: ముందు లెక్క, తర్వాతే ఫైటు

యాక్షన్, క్రైమ్ సినిమాకు స్క్రీన్‌ప్లే రాయాలని కూర్చున్న కొత్త రచయితల్లో చాలామంది ఇంటర్వెల్ ఫైటుతో గానీ, విలన్ పరిచయంతో గానీ మొదలుపెడతారు. అలా మొదలుపెట్టడంలో దోషమేమీ లేదు. అయితే ఆ ఫైటు వెనుక ఉన్న నేరంలో ఎవరికి ఎంత మిగులుతుందో, దాన్ని దాచుకోవడానికి ఎవరు ఎంతదూరం వెళతారో తేలకుండా రాసిన కథ రెండో సగంలో చతికిలబడుతుంది. దాన్ని లేవదీయడానికి మరో ఫైటు, ఆపైన మరో ఫ్లాష్‌బ్యాక్ చేర్చుకుంటూ పోవలసి వస్తుంది. ఆంధ్రను ఆనుకుని ఉన్న ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం ప్రాంతాల్లో ఉండి తెలుగు సినిమా కోసం రాసేవారికి ఈ విషయంలో హైదరాబాదు రచయితకు లేని సౌలభ్యం ఒకటుంది. రెండు ప్రభుత్వాలు, రెండు ధరలు, రెండు పోలీసు శాఖలు, రెండు భాషలు ఆనుకుని ఉన్నచోట నేరానికి కారణం కల్పించనక్కరలేదు, లెక్క వేస్తే చాలు.

సరిహద్దు అనగానే గంజాయి బస్తా, అడవి దారి, తుపాకీ చప్పుడు అనే మూడింటినే తెర మీద చూసి చూసి ఇక్కడి ప్రేక్షకులకు విసుగు పుట్టింది. గంజాయి కథే రాయదలచుకున్నవారు కనీసం మాదకద్రవ్యాలకు సంబంధించిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టాన్ని ఒకసారి తిరగేయాలి. ఆ చట్టం కింద గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అవుతుంది. శిక్ష పదేళ్లకు తగ్గదు, బెయిలు దొరకడం చాలా కష్టమవుతుంది. అదే చట్టం ప్రకారం గంజాయి అంటే పూత లేదా కాయ ఉన్న కొసలే తప్ప, వాటితో కలవకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు కావు. అంటే 21 కిలోల బస్తాలో ఆకు ఎంత, కొస ఎంత అన్న తూకం దగ్గరే ఒక మంచి కోర్టు సన్నివేశం ఉంది. అడవిలో ఛేజింగులు రాసేవారు దాన్ని వదిలేసి పోతున్నారు.

నా సలహా అడిగితే మాత్రం ధాన్యం తీసుకోమంటాను. 2024-25 ఖరీఫ్‌లో సాధారణ రకం వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఒడిశా ప్రభుత్వం ఆ సీజన్ నుంచి దాని మీద 800 రూపాయల పెట్టుబడి సాయం కలిపి రైతుకు 3,100 ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రలోని పాతపట్నం వైపు పండిన ధాన్యం ఒడిశాలోని పర్లాకిమిడి వైపు మండీలో అమ్ముడుపోతే క్వింటాలుకు 800 తేడా వస్తుంది. లారీకి 200 క్వింటాళ్లు అనుకుంటే ఒక్క లోడుకు 1,60,000 రూపాయలు. ఈ డబ్బు కోసం ఎవరైనా హత్య చేస్తారా? ఒక్క లోడుకు చేయరు. సీజన్‌లో 30 లోడ్లు తిరిగితే 48 లక్షలు. అందులో మిల్లు యజమానికి, దళారికి, ధాన్యం కొనే సహకార సొసైటీ గుమాస్తాకు, లారీ యజమానికి ఎవరి వాటా ఎంతో కాగితం మీద వేసి చూస్తే, అందరికంటే తక్కువ పొందుతూ అందరికంటే ఎక్కువ తెలిసినవాడు ఎవరో బయటపడతాడు. నా లెక్కలో అతను కాటా దగ్గర తూకం వేసే కూలి. చనిపోయేది అతనే అవుతాడు. ఇంతవరకు మనం ఒక్క సన్నివేశమూ రాయలేదు, అయినా హతుడు దొరికాడు, కారణమూ దొరికింది.

ఇక కథానాయకుడు. ఒడిశాలో ధాన్యం అమ్మాలంటే ముందుగా పేరు నమోదు చేయించుకున్న రైతు పేరు మీద టోకెన్ ఉండాలి. డబ్బు అతని బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. కాబట్టి బయటి ధాన్యాన్ని లోపలికి తేవడానికి లారీ ఒక్కటే చాలదు, పేర్లు కూడా కావాలి. లారీ డ్రైవర్ సింహాచలం అనుకుందాం. పాతపట్నం వైపు సరుకు ఎత్తి పర్లాకిమిడిలో దింపడం అతని పని. ఒక రాత్రి బస్తాల కింద కాటా కూలి శవం కనిపిస్తుంది. ఇంటర్వెల్ దగ్గర అతనికి తెలిసేది హంతకుడి పేరు కాదు. చనిపోయిన తన తండ్రి పేరున ఇంకా టోకెన్లు పుడుతున్నాయనీ, ఆ ఖాతాలో డబ్బు పడుతోందనీ, కాగితాల ప్రకారం లాభపడినవాడు తానేననీ. మొదటి సగంలో ‘చంపింది ఎవరు’ అని అడిగిన ప్రేక్షకుడు ఇక్కడి నుంచి ‘వీడు ఎలా బయటపడతాడు’ అని అడగడం మొదలుపెడతాడు. ఇంటర్వెల్ బ్యాంగ్ అంటే ఇలా ప్రశ్న మారాలి. హీరో చొక్కా చేతులు మడవడం, సుమోలు గాల్లోకి లేవడం దానికి అలంకారాలు మాత్రమే.

చట్టం తెలిసిన రచయితకు అడ్డంకులు ఉచితంగా దొరుకుతాయి, తెలియనివాడు వాటిని కృత్రిమంగా కట్టుకోవలసి వస్తుంది. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చాయి. ఆ తేదీ తర్వాత జరిగే హత్య కేసులో పాత్రల నోట ‘302’ రాకూడదు, అది ఇప్పుడు 103. అంకె మార్చడం సులభమే, కాని కథను తాకే మార్పులు వేరే ఉన్నాయి. సోదా, స్వాధీనం చేసేటప్పుడు పోలీసులు ఆడియో, వీడియో రికార్డు చేయాలి, సెల్‌ఫోనుతోనైనా చేయవచ్చు. ఎస్సై బండి సీటు కింద ప్యాకెట్ పెట్టి తానే తీసి చూపించే పాత సన్నివేశం ఈ ఒక్క నిబంధనతో చెడిపోయింది. ఇప్పుడు రాయాలంటే ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది, రికార్డింగు ఏ నిమిషంలో మొదలైంది, దానికి ముందు లారీ ఎంతసేపు ఆగి ఉంది అన్నవి రాయాలి. ఆ సన్నివేశం పాతదానికంటే బాగుంటుంది కూడా.

అలాగే మన సినిమాల్లో నిందితుడి చేత పోలీసులు వాంగ్మూలం మీద సంతకం పెట్టించుకోవడం తరచుగా కనిపిస్తుంది. దర్యాప్తులో పోలీసుకు ఇచ్చిన వాంగ్మూలం మీద ఇచ్చినవారి సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతుంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో నిలవదు. సంతకం సన్నివేశం మీకు కావాలంటే స్వాధీనం జాబితా దగ్గర, పంచుల చేత, అంటే సాక్షులుగా పిలిచినవారి చేత పెట్టించండి. ఒడియాలో రాసిన జాబితా మీద ఒడియా లిపి చదవలేని తెలుగు పంచు సంతకం పెడుతున్నాడంటే, ఆ కలం కదలికలోనే కావలసినంత భయం ఉంటుంది. దోపిడీ కథ రాసేవారికి మరొక చిన్న లెక్క: నలుగురు కలిసి చేస్తే దోపిడీ, అయిదుగురు చేరితే బందిపోటు, శిక్ష పెరుగుతుంది. ముఠాలోకి అయిదోవాణ్ణి ఎవరు, ఎందుకు తెచ్చారన్నది మీ కథలో ఒక మలుపు కాగలదు.

సరిహద్దు దాటితే పోలీసు ఆగిపోతాడన్న భ్రమ చాలా కథల్లో ఉంది. వారంటు లేకుండా అరెస్టు చేయగలిగిన నేరంలో నిందితుణ్ణి తరుముకుంటూ పోలీసు దేశంలో ఎక్కడికైనా వెళ్లవచ్చు. గీత దగ్గర జీపు ఆగి, హీరో అవతలి నుంచి నవ్వే సన్నివేశం కాబట్టి కుదరదు. నిజమైన అడ్డంకులు వేరు. అవతలి ఊళ్లో సందులు తెలియవు, అడిగితే చెప్పేవాడి భాష రాదు, స్థానిక స్టేషన్‌కు కబురు పెడితే లోపలి మనిషి ఎవరో నిందితుడికి ముందే చేరవేస్తాడు, పట్టుకున్నాక సాధారణంగా అక్కడి మెజిస్ట్రేటు దగ్గర ట్రాన్సిట్ రిమాండ్, అంటే నిందితుణ్ణి తమ రాష్ట్రానికి తీసుకెళ్లే అనుమతి, తీసుకోవాలి. అరెస్టయిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న నియమం మీ కథకు గడియారం. దాని ముల్లు ఎప్పుడు కదలడం మొదలైందన్నదే వివాదం: లారీని నిజంగా ఆపింది ఎప్పుడు, అరెస్టు మెమోలో రాసిన వేళ ఏది? రోడ్డు పక్క పెట్రోలు బంకులో ఉన్న సీసీ కెమెరా ఈ రెండింటి మధ్య తేడాను చూపిస్తే, అది క్లైమాక్స్‌లో పదిమందిని కొట్టడం కంటే గట్టి దెబ్బ. నేరం జరిగిన చోటు ఏదైనా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలన్న జీరో ఎఫ్‌ఐఆర్ పద్ధతి కూడా ఇప్పుడు చట్టంలోనే ఉంది. కనుక పాతపట్నం వైపు స్టేషన్‌లో ఎవరైనా ‘ఇది మా లిమిట్స్ కాదు’ అన్నాడంటే, అతను తెలియక అన్నాడా, తెలిసే అన్నాడా అన్నది మీరు నిర్ణయించుకుని రాయాలి.

శవం విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. గుండె ఆగాక రక్తం శరీరంలో కిందివైపు దిగి, నేలకు ఆనిన చోట తప్ప మిగతా అడుగు భాగంలో ఎరుపు, ఊదా మచ్చలుగా కనిపిస్తుంది. సాధారణంగా 6 నుంచి 12 గంటల్లో ఆ మచ్చలు స్థిరపడతాయి. ఆ తర్వాత శవాన్ని ఎటు తిప్పినా అవి పూర్తిగా చోటు మారవు. మన కూలి శవం లారీలో బోర్లా దొరికింది, మచ్చలు మాత్రం వీపు మీద ఉన్నాయి. అంటే బస్తాల కిందికి రావడానికి చాలా గంటల ముందే అతను చనిపోయి, ఎక్కడో వెల్లకిలా పడి ఉన్నాడు. సరుకు ఎత్తింది రాత్రి ఎనిమిదికి, ఆ పగలంతా సింహాచలం వేరే ఊళ్లో లారీ టైరు మార్పిస్తున్నాడు. ఈ సంగతి డాక్టరు ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా, ముందు సన్నివేశాల్లో టైరు షాపునూ సరుకు ఎత్తిన వేళనూ ప్రేక్షకుడికి చూపించి పెట్టుకోవాలి. ఆధారం ముందే కళ్లెదుట ఉండి, దాని అర్థం మాత్రమే తర్వాత తెలియాలి. చివర్లో జేబులోంచి కొత్త ఆధారం తీసే డిటెక్టివును ప్రేక్షకుడు క్షమించడు.

కాలానికి సంబంధించిన పొరపాట్లు చిన్నవే అయినా స్థానికులు వెంటనే పట్టేస్తారు. మీ కథ 1990ల నాటిదైతే నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే రైలు నారోగేజ్ మీద నడవాలి. లారీ నంబరు ప్లేటు మీద ‘ఓడీ’ అక్షరాలు 2012 తర్వాతే వచ్చాయి, అంతకుముందు ‘ఓఆర్’. ఓడీ 20 అంటే గజపతి జిల్లా, ఓడీ 18 అంటే రాయగడ అని ఇక్కడి చెక్‌పోస్టు కుర్రాడు చూడగానే చెబుతాడు. ఆంధ్రలో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస మొదలైంది కాబట్టి ఆ అంకెను చూసి జిల్లా చెప్పడం కుదరదు. బండి ఎవరిదో కనుక్కోవడంలో ఒడిశా పోలీసుకు ఎదురయ్యే ఈ చిక్కు మీకు పనికొస్తుంది. రుతువును కూడా సరిచూసుకోవాలి. ఖరీఫ్ ధాన్యం కొనుగోళ్లు శీతాకాలంలో జరుగుతాయి. ఆ కథలో మహేంద్రతనయ నది పొంగి పొర్లితే తెరమీద అందంగానే ఉంటుంది, హాల్లో మాత్రం నవ్వులు వినిపిస్తాయి. వరదకు బదులు మంచు రాయండి.

భాష గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతపు రచయితకు ఉన్న అసలు ఆస్తి అదే. ఎవరికి ఏ భాష వచ్చు అన్నది సగం; అది వచ్చునని ఎదుటివాడికి తెలుసా లేదా అన్నది మిగతా సగం. ఈ చిన్న సన్నివేశం చూడండి. దీనికి చాలా ముందు, పన్నెండో సీన్‌లో, ఒడియా ఎస్సై బరంపురంలో ఉన్న అత్తగారితో ఫోనులో చక్కని తెలుగు మాట్లాడడం ప్రేక్షకుడు చూశాడు.

సీన్ 31. లోపల. పోలీస్ స్టేషన్. రాత్రి.

బల్ల మీద లారీ కాగితాలు. ఎస్సై గోడవైపు తిరిగి ఫోనులో ఒడియాలో మాట్లాడుతున్నాడు. బెంచీ మీద సింహాచలం, పక్కన బావ అప్పన్న.

అప్పన్న (గొంతు తగ్గించి): కాటా సీటీ ఏటి సేసినావురా?

సింహాచలం: డైవరు సీటు కింద పెట్టినాను బావా. ఈల్లకి తెల్దు.

ఎస్సై ఫోను పెట్టేస్తాడు. వాళ్లవైపు చూడడు. తలుపు దగ్గరి కానిస్టేబుల్‌తో ఒడియాలో రెండు మాటలు చెబుతాడు. కానిస్టేబుల్ టార్చిలైటు తీసుకుని బయటికి వెళతాడు.

సింహాచలం: ఆగ్యా... మంచినీళ్లు.

ఎస్సై అర్థం కానట్టు కనుబొమలు ఎగరేస్తాడు. సింహాచలం బొటనవేలు నోటికి చూపిస్తాడు. ఎస్సై కూజా జరుపుతాడు.

ఇందులో ఎవరూ అరవలేదు, ఎవరూ ఎవరినీ కొట్టలేదు. పన్నెండో సీన్ లేకపోతే కానిస్టేబుల్ చీటీతో తిరిగి వచ్చినప్పుడు ప్రేక్షకుడు ఒక్క క్షణం ఉలిక్కిపడతాడు, అంతే. ఆ సీన్ ఉండడంవల్ల అప్పన్న నోరు విప్పినప్పటి నుంచీ ‘మాట్లాడకండిరా’ అని లోలోపల అనుకుంటూ కూర్చుంటాడు. ఎస్సై మంచినీళ్ల మాట అర్థం కానట్టు నటించడం ఆ ఉత్కంఠను మరికాస్త సాగదీస్తుంది. ఏ రహస్యాన్ని ముందే చెప్పాలి, దేన్ని దాచాలి అన్న నిర్ణయంలోనే క్రైమ్ రచయిత నేర్పు బయటపడుతుంది. నా అనుభవంలో దాచినవాటికంటే ముందే చెప్పినవి ఎక్కువ పని చేస్తాయి.

మాటల్లో యాసను కూడా కొలతగా వాడాలి. సింహాచలం ‘ఏటి’ అంటాడు, మిల్లు యజమాని ‘ఏమిటి’ అనవచ్చు, సొసైటీ గుమాస్తా కోపం వస్తే ఒడియాలోకి జారిపోతాడు. అందరి చేతా ఒకే ఉత్తరాంధ్ర యాస పలికిస్తే మనుషులు కలిసిపోతారు. హాస్యానికి మాత్రమే యాసను వాడితే ఇక్కడివాళ్లు నొచ్చుకుంటారు, నొచ్చుకోవడం న్యాయం కూడా.

ఇప్పుడు ఫైటు. యాక్షన్ రాసేటప్పుడు దెబ్బ తర్వాత దెబ్బ వర్ణించడం వృథా శ్రమ. ఎడమ చేత్తో ఆపి కుడి మోకాలితో పొడవడం ఫైట్ మాస్టర్ చూసుకుంటాడు, ఆయన మీకంటే బాగా చూసుకుంటాడు. మీరు రాయవలసింది చోటు, కోరిక, మలుపు, మూల్యం. మన కథలో పోరాటం రైస్ మిల్లులో జరిగితే, హీరోకు కావలసింది పదిమందిని పడగొట్టడం కాదు. ఆఫీసు గదిలోని తూకం పుస్తకంతో వెనుక గేటు చేరడం. దారిలో ఏముంది? ఊక గుట్ట. దాని మీద పరుగెత్తితే కాలు మోకాలిదాకా దిగబడుతుంది, తరిమేవాడికీ అదే గతి. హమాలీలు బస్తాలు లాగే ఇనుప కొక్కెం మొదటి సగంలో రెండుసార్లు పని చేస్తూ కనిపించి ఉండాలి, అప్పుడే ఈ రాత్రి అది ఆయుధంగా మారినప్పుడు చేతికి అతికినట్టు ఉంటుంది. రౌడీ చేతిలో నాటు తుపాకీ ఉంటే అది ఒక్కసారే పేలుతుంది, మందు కూరి మళ్లీ సిద్ధం చేయడానికి సమయం పడుతుంది. ఆ ఖాళీయే హీరోకు దొరికిన అవకాశం. పాత సర్వీసు రివాల్వర్‌లో ఆరు తూటాలే ఉంటాయని లెక్కపెట్టే ప్రేక్షకుడు ప్రతి హాల్లోనూ ఒకడుంటాడు. అతని కోసం రాయండి.

కాగితం మీద అది ఇలా ఉండవచ్చు:

సింహాచలం పుస్తకాన్ని చొక్కాలోకి తోస్తాడు. కిటికీ. దూకుతాడు. ఊకలోకి నడుముదాకా.

కదలలేడు.

పైన కిటికీలో తుపాకీ గొట్టం. పేలుడు. పక్కన ఊక ఎగురుతుంది. గొట్టం లోపలికి పోతుంది.

సింహాచలం ఈదుతున్నట్టు చేతులతో ఊక తోసుకుంటూ గేటువైపు. లోపల మందు కూరుతున్న చప్పుడు.

చొక్కాలోంచి పుస్తకం జారి గుట్టలో మునిగిపోతుంది. అతను చూసుకోడు.

ఒక్కో పంక్తి ఒక్కో షాట్‌కు దగ్గరగా ఉండేలా, వర్తమానకాలంలో, కెమెరా కోణాలు చెప్పకుండా రాయాలి. చివరి పంక్తిని గమనించండి: హీరో ప్రాణంతో బయటపడ్డాడు, వచ్చిన పని మాత్రం చెడింది. ఫైటుకు ముందూ తర్వాతా కథ ఒకేచోట ఉంటే, ఎంత ఖర్చు పెట్టి తీసినా దాన్ని తీసేయవచ్చు. అలాగే తగిలిన గాయం తగిలినట్టే ఉండాలి. ఈ రాత్రి మెలితిరిగిన చీలమండ మరునాడు కోర్టు మెట్ల దగ్గర గుర్తుకు రావాలి.

హింస ఎంత చూపాలన్నది రాసే దశలోనే ఆలోచించుకుంటే మంచిది. 2024 నవంబరు నుంచి సెన్సారు బోర్డు యూఏ సర్టిఫికెట్ 7+, 13+, 16+ అని మూడు మెట్లుగా ఇస్తున్నారు. కొక్కెం ఒంట్లో దిగడం చూపిస్తారా, బస్తా మీద రక్తపు చుక్కతో సరిపెడతారా అన్నదాన్ని బట్టి మీ సినిమా ఏ మెట్టు మీద నిలుస్తుందో మారుతుంది. నిర్మాత ఆ ప్రశ్న అడగకముందే మీ దగ్గర జవాబు ఉండాలి.

పని వరుస విషయానికి వస్తే, ముందు డబ్బు లెక్క, తర్వాత పటం, ఆపైన గంటల వారీ పట్టిక, ఈ మూడూ కుదిరాక సీన్ల వన్‌లైన్ ఆర్డర్, అంటే ఒక్కో సీన్‌కు ఒక్కో వాక్యం చొప్పున వరుస. పటం అంటే చేత్తో గీసిందే చాలు: మిల్లు, కాటా, చెక్‌పోస్టు, ఏటి గట్టు, రెండు స్టేషన్లు, ఒకదాని నుంచి మరొకదానికి రాత్రిపూట లారీకి పట్టే సమయం. మాటలు రాయడం అన్నిటికంటే చివర. ఎడమవైపు దృశ్యం, కుడివైపు సంభాషణ ఉండే పాత తెలుగు పద్ధతిలో రాసినా, ఒకే వరుసలో సాగే ఇప్పటి పద్ధతిలో రాసినా ఫరవాలేదు. అయితే పేజీకి ఒక నిమిషం అన్న కొలత రెండోదాని కోసం ఏర్పడింది, అదీ సంభాషణ ఎక్కువ ఉన్నచోటే నమ్మదగినది. పైన రాసిన ఊక గుట్ట పావు పేజీ తెరమీద రెండు నిమిషాలు తినేయవచ్చు.

నేరేషన్‌కు, అంటే నిర్మాతకో దర్శకుడికో కథ చెప్పడానికి, హైదరాబాదు వెళ్లేముందు స్క్రిప్టు పూర్తిగా రాసి, తేదీ వేసి, రచయితల సంఘంలోనో కాపీరైట్ కార్యాలయంలోనో నమోదు చేయించుకోండి. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పిన ప్రకారం కాపీరైట్ ఆలోచనకు రాదు, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే వస్తుంది. ‘సరిహద్దులో ధాన్యం దొంగ రవాణా, ఒక డ్రైవరు’ అన్న ముక్కను మీ నుంచి విని మరొకరు సినిమా తీస్తే చట్టం మీ పక్షాన నిలవడం కష్టం. వీపు మీద మచ్చలు, టైరు షాపు, అత్తగారి ఫోను, ఊకలో మునిగిన తూకం పుస్తకం వరుసగా ఉన్న బౌండ్ స్క్రిప్టు, అంటే పూర్తిగా రాసి కుట్టిన ప్రతి, చేతిలో ఉన్నప్పుడే వాదించడానికి మీకంటూ ఏదైనా ఉంటుంది.